ఆమ్లోడిపిన్‌తో పాదాల వాపు: మీ ఇళ్ళలో ఎవరికైనా వచ్చిందా?

కృష్ణలంక_అమ్మాయి:
మా అమ్మకి అరవై దాటాయి. బీపీకి ఆమ్లోడిపిన్ 5 వేసుకున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. బీపీ ఇంకా ఎక్కువే ఉందని 10కి పెంచారు. బీపీ దిగింది గానీ, కొన్ని వారాలకి రెండు పాదాలూ, చీలమండలూ వాచాయి. నొక్కితే గుంట పడుతోంది. పొద్దున లేచేసరికి కాస్త తగ్గుతుంది, సాయంత్రానికి చెప్పులు పట్టవు. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే నీరు దిగే మాత్ర రాశారు. రాత్రంతా బాత్రూంకి లేవడమే మిగిలింది, వాపు కదల్లేదు. గుండె ఎకో, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి. అయినా కిడ్నీలు పాడైపోయాయేమోనని టెన్షన్‌తో సరిగా తినడం కూడా లేదు. ఎవరికైనా ఇలా అయితే ఏం చేశారో చెప్పండి.

ఫార్మకాలజీ_మాధవి:
నేను ఫార్మకాలజీ పాఠాలు చెబుతాను, వైద్యం చేసే డాక్టర్ని కాదు. ముందుగా అమ్మగారికి ఒక మాట చెప్పండి: ఎకో, కిడ్నీ పరీక్షలు బాగుండి, మోతాదు పెంచాకే రెండు కాళ్ళూ సమానంగా వాచాయంటే మొదట అనుమానించాల్సింది మాత్రనే.

రక్తనాళం గోడలో సన్నని కండరం ఉంటుంది. అది బిగుసుకోవాలంటే కణంలోకి కాల్షియం వెళ్ళాలి. అది వెళ్ళే దారే ఎల్-టైప్ కాల్షియం ఛానెల్ అనే ప్రోటీన్. ఆమ్లోడిపిన్ దాన్ని పట్టుకుని ఆ దారిని అడ్డుకుంటుంది. కండరం వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, బీపీ తగ్గుతుంది. చిక్కంతా ఏమిటంటే, రక్తాన్ని తెచ్చే సన్నని ధమనులు తెరుచుకున్నంతగా తిరిగి తీసుకెళ్ళే సిరలు తెరుచుకోవు. పంట కాలువ తూము పెద్దది చేసి మురుగు కాలువని అలాగే వదిలేస్తే మడిలో నీరు నిలిచిపోదా, అలాగే. కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. మనం నిలబడి తిరుగుతాం కాబట్టి అది పాదాల్లో కనిపిస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. అందుకే నీరు దిగే మాత్ర దీనికి పెద్దగా పనిచేయదు. పైగా పెద్దవాళ్ళలో సోడియం పడిపోవడం, రాత్రి లేచి తూలిపడటం లాంటి కొత్త బెడదలు తెస్తుంది. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు రాయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మోతాదుకీ వాపుకీ నేరుగా సంబంధం ఉంది. అమెరికాలో ఈ మందు వివరపత్రంలో ఇచ్చిన లెక్క చూడండి: 2.5 మి.గ్రా. వాళ్ళలో 1.8 శాతం, 5 వాళ్ళలో 3 శాతం, 10 వాళ్ళలో 10.8 శాతం మందికి వాపు వచ్చింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 0.6 శాతమే. ఆడవాళ్ళకి ఇంకా ఎక్కువ: మగవాళ్ళలో 5.6 శాతమైతే ఆడవాళ్ళలో 14.6.

కరీంనగర్_సిస్టర్:
పీహెచ్‌సీలో స్టాఫ్ నర్స్‌ని. దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమంలో మొదట చేరిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి, మా దగ్గర చాలామందికి ఆమ్లోడిపిన్ 5తోనే మొదలవుతుంది. మంచి మందు, చవకైన మందు, ఎంతోమందిని పక్షవాతం నుంచి కాపాడే మందు. దాన్ని చూసి భయపడొద్దని అందరికీ చెప్తాను. వాపు వచ్చినవాళ్ళకి మా డాక్టర్ గారు ఆమ్లోడిపిన్ 10కి పెంచే బదులు 5 దగ్గరే ఉంచి టెల్మిసార్టన్ అనే ఇంకో రకం బీపీ మందు కలుపుతారు. చాలామందికి వాపు తగ్గడం నేను కళ్ళారా చూశాను.

ఫార్మకాలజీ_మాధవి:
అవును సిస్టర్. టెల్మిసార్టన్ లాంటి మందులు సిరలవైపు కూడా నాళాలని వదులు చేస్తాయి. ఊరిన నీటికి వెనక్కి దారి దొరుకుతుంది. బీపీకి బీపీ, వాపుకి వాపు తగ్గుతాయి.

తెనాలి_సుబ్బు:
మా బాబాయికి ఇలాగే వాపు వస్తే ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేశారు. మర్నాడు చూపిస్తే బీపీ బాగానే ఉంది. ఇంక మందు అక్కర్లేదనుకున్నారు. తర్వాత వారం తల బద్దలైపోతోందంటే తీసుకెళ్ళాం, పై అంకె 190 దాటింది.

ఫార్మకాలజీ_మాధవి:
ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆమ్లోడిపిన్ రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మానేసిన ఒకటి రెండు రోజులు మందు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆ రీడింగ్ చూసి నయమైందనుకుంటే ప్రమాదం. వాపు కూడా ఆపిన మర్నాడే పోదు, నెమ్మదిగా దిగుతుంది.

వైజాగ్_రమణ:
నాకు డోస్ సగం చేశామని 2.5 రాశారు, అయినా వాపు అంతే ఉంది. స్ట్రిప్ మీద ఎస్-ఆమ్లోడిపిన్ అని ఉంది. అదే మందా?

ఫార్మకాలజీ_మాధవి:
మామూలు ఆమ్లోడిపిన్‌లో అద్దంలో బింబాల్లాంటి రెండు రూపాలు సగం సగం ఉంటాయి. ఛానెల్ మీద పనిచేసేది ఎస్ రూపమే. కాబట్టి ఎస్-ఆమ్లోడిపిన్ 2.5 అంటే మామూలు 5తో సమానం. మీరు ముందు వాడింది మామూలు 5 అయితే అసలు మోతాదు తగ్గనట్టే. రెండు స్ట్రిప్పులూ డాక్టర్‌కి చూపించండి.

డల్లాస్_వాసు:
మా నాన్నగారికి హైదరాబాద్‌లో ఆమ్లోడిపిన్ ఆపి, సిల్నిడిపిన్ అనే బీపీ మందుకి మార్చారు. వాపు బాగా తగ్గింది. కానీ ఇక్కడ మా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రలు అయిపోతే ఏ ఫార్మసీలోనూ దొరకలేదు, అమెరికాలో ఆ మందుకి అనుమతే లేదు. అమ్మానాన్నలని పిలిపించుకునేవాళ్ళు ఉండే కాలానికి సరిపడా మందులు, చీటీతో సహా తెప్పించుకోండి.

ఫార్మకాలజీ_మాధవి:
జపాన్‌లో పుట్టిన మందది. ఎల్-టైప్‌తో పాటు నరాల చివర ఉండే ఎన్-టైప్ ఛానెల్‌ని కూడా అడ్డుకుంటుంది. సిరలని బిగించే నరాల సంకేతం కూడా తగ్గుతుంది కాబట్టి వాపు తక్కువ. అసలు రానే రాదని మాత్రం కాదు.

పళ్ళ_డాక్టరమ్మ:
ఇంకోటి చూసుకోండి. కాల్షియం ఛానెల్‌ని అడ్డుకునే ఈ జాతి మందులతో కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరుగుతాయి. నిఫెడిపిన్‌తో ఎక్కువ, ఆమ్లోడిపిన్‌తో తక్కువ. మా దగ్గరికి వచ్చేవాళ్ళు బీపీ మాత్ర సంగతి అడిగితే గానీ చెప్పరు, చిగుళ్ళకీ బీపీకీ ఏం సంబంధం అనుకుంటారు. గార తీయించుకుని, పళ్ళు శుభ్రంగా ఉంచుకుంటే కొంత అదుపులో ఉంటుంది. తగ్గకపోతే మందు మార్చమని ఫిజీషియన్‌కి మేమే ఉత్తరం రాస్తాం.

కరీంనగర్_సిస్టర్:
అన్ని వాపులూ మాత్ర వల్లే అనుకోకండి. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, పడుకుంటే ఆయాసం వచ్చినా, ముఖం ఉబ్బినా, మూత్రం నురగగా పోతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

కృష్ణలంక_అమ్మాయి:
అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఏ మందు ఎప్పుడు మొదలైందో, వాపు ఎప్పుడు కనిపించిందో తేదీలతో రాసి అమ్మ డాక్టర్ గారికి ఇచ్చాం. ఆయన చూసి నీరు దిగే మాత్ర ఆపేశారు. ఆమ్లోడిపిన్ మళ్ళీ 5 చేసి, టెల్మిసార్టన్ 40 కలిపారు. వాపు దిగుతోంది, బీపీ నిలకడగా ఉంది. అమ్మ మామూలుగా తింటోంది.

కరీంనగర్_సిస్టర్:
చాలా సంతోషం అండి. టెల్మిసార్టన్ మొదలైంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం పరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించాలో డాక్టర్ గారిని అడగండి. బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్ వాడుతుంటే అది కూడా చెప్పండి. అందులో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, ఈ మాత్రతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరగవచ్చు.