గ్రిడిల్‌కి హుక్‌లు, ట్రేలు తగిలించాలి, ఏవి నిజంగా పనికొస్తాయి?

మంట_మీడియం:
అందరికీ నమస్తే. బయట వండుకోడానికి నాలుగు బర్నర్ల గ్యాస్ గ్రిడిల్ (పైన పెద్ద పలక పెనం ఉండే పొయ్యి) ఉంది, పెనం సూపర్, కానీ పక్కన షెల్ఫ్ ఒక్కటే, దానిమీద పిండి గిన్నె పెడితే ఇంకేం పట్టదు. అట్లకాడలు, స్క్రేపర్, నూనె సీసా, పేపర్ రోల్ కోసం లోపలికీ బయటికీ తిరగడమే సరిపోతోంది, ఈలోపు పెనం మీదది మాడిపోతోంది. మాగ్నెట్ హుక్‌లు సరిపోతాయా, లేక డ్రిల్ చేసి బిగించేవే మేలా? ఇంకోటి, కింద సిలిండర్ పక్కన ఖాళీ ఉంది, దాన్ని చుట్టూ మూసేసి అలమరలా చేసుకోవచ్చా? వాడేవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అట్లకాడ_అన్న:
కొనేముందు ఫ్రిజ్ మీదున్న మాగ్నెట్ ఒకటి తెచ్చి గ్రిడిల్ చల్లగా ఉన్నప్పుడు బాడీ అంతా అంటించి చూడండి. పెయింట్ వేసిన మామూలు స్టీల్‌కి గట్టిగా పడుతుంది, స్టెయిన్‌లెస్ అయితే 430 రకానికి పడుతుంది, 304కి దాదాపు పట్టదు, అల్యూమినియంకి అసలే పట్టదు. చాలామంది ఇది చూడకుండా ఆర్డర్ పెట్టి రిటర్న్ చేస్తుంటారు.

ఇక వేడి సంగతి, అసలు విషయం ఇదే. చిన్నగా ఉండి గట్టిగా పట్టే వెండిరంగు మాగ్నెట్లు నియోడిమియంవి, వాటిలో మామూలు గ్రేడ్‌వి 80 డిగ్రీలు దాటితే పట్టు తగ్గుతాయి, బాగా వేడెక్కితే చల్లారాక కూడా మునుపటి బలం రాదు. నల్లటి ఫెరైట్ మాగ్నెట్ దాదాపు 250 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, కాకపోతే అదే బలానికి సైజు పెద్దది కావాలి. పెనం 200 పైన కాలుతుంటుంది కాబట్టి దాని అంచు కిందా, వేడిగాలి బయటికొచ్చే వైపూ ఏ మాగ్నెట్టూ వద్దు. కాళ్ళకి, షెల్ఫ్ ముందు అంచుకి పెట్టుకోండి. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తేనే సెగ కొడుతుంటే అక్కడ హుక్ పెట్టకండి, అంతే లెక్క. అప్పుడప్పుడు తీసి వెనక తుడవండి, ఇసుక ఇరుక్కుంటే పెయింట్ గీసుకుపోతుంది.

గాలివాటం_22:
అలమర ఆలోచన దయచేసి మానుకోండి అండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, కిందకే దిగి నిలబడిపోతుంది, చుట్టూ మూసేస్తే పోయే దారుండదు, పైన మంట ఉండనే ఉంది. తెరిచి ఉన్న వైర్ ర్యాక్ ఒకటి పెట్టుకోండి చాలు, అదీ ట్యూబుకి తగలకుండా, వాల్వు చెయ్యి చాపితే అందేలా.

డ్రిల్ అంటారా, నాబ్‌లున్న ప్యానెల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, దాని వెనకే గ్యాస్ పైపు, ఇగ్నైటర్ (మంట అంటించేది) వైర్లు పోతాయి. షెల్ఫ్‌కి అయితే వెయ్యొచ్చు, ముందు కింద ఏముందో వంగి చూసుకుని వెయ్యండి, రంధ్రం అంచు ఆకురాయితో రుద్ది పెయింట్ పూయండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. బోల్టులు స్టెయిన్‌లెస్‌వి వాడండి.

సాయంత్రం_వంట:
నేనైతే ఏది ఎంతసేపటికోసారి కావాలో చూసి పెట్టుకోమంటా. అట్లకాడలు, స్క్రేపర్ కుడిచేతి వైపు (ఎడమచేతివాటం అయితే అటు), నూనె సీసా షెల్ఫ్‌కి వేలాడే ట్రేలో, పెనానికి వీలైనంత దూరంగా. పేపర్ రోల్‌కి మాత్రం బిగుతుగా పట్టే హోల్డర్ కావాలి, గాలికి చివర ఎగిరి మంట వైపు వెళ్తే ప్రమాదం, అందుకే అది షెల్ఫ్ కింద బయటివైపున ఉండాలి. జిడ్డు డబ్బా ఎటు లాగుతారో ఆ దారికి ఏదీ అడ్డం పెట్టకండి, అది నిండుతుంటే తియ్యలేకపోతే పెద్ద ఇబ్బంది. అలాగే మడిచే షెల్ఫ్ అయితే కంపెనీ ఎంత బరువు చెప్పిందో చూడండి, గిన్నె బరువు కూడా అందులోకే వస్తుంది, చక్రాల లాకు వేసే వండండి.

మంట_మీడియం:
చాలా థాంక్స్ అందరికీ. ఇప్పుడే మాగ్నెట్ పెట్టి చూశా, కాళ్ళకి పట్టింది, షెల్ఫ్‌కి పట్టలేదు. అంటే షెల్ఫ్‌కి క్లిప్‌తో వేలాడే ట్రే, కాళ్ళకి ఫెరైట్ హుక్‌లు తీసుకుంటా, అలమర ప్లాన్ క్యాన్సిల్. ట్రే అడుగు జల్లెడలా ఉండాలా, మూసి ఉండాలా?

సాయంత్రం_వంట:
రంధ్రాలున్నదే తీసుకోండి, వాన నీళ్ళు నిలవవు, కడగడం తేలిక. నూనె సీసా కింద మాత్రం చిన్న ప్లేటు పెట్టండి, లేకపోతే కారేదంతా కాలిమీదే.