జనరేటర్ ట్రాలీ లాగితే చాలు, వ్యాన్ కాగిపోతోంది

ప్రశ్న: అన్నా, ఉప్పల్‌లో మాది టెంట్ హౌస్. పాత డీజిల్ వ్యాన్. ఖాళీగా తిరిగితే ఏ గొడవా లేదు, కానీ మొన్న జనరేటర్ ట్రాలీ తగిలించుకుని శ్రీశైలం పోతుంటే, డ్యామ్ దగ్గర వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీతలోకి పోయింది. కూలెంట్, థర్మోస్టాట్ రెండూ కొత్తవే. పెళ్లిళ్ల సీజన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫ్యాన్ క్లచ్ (ఇంజిన్ వేడెక్కినప్పుడు రేడియేటర్ ఫ్యాన్‌ని పట్టి గట్టిగా తిప్పే భాగం) చూశావా తమ్ముడూ? ఘాట్‌లో స్పీడ్ ఉండదు, గాలి లాగాల్సింది ఫ్యానే. ఇంజిన్ వేడిగా ఉండగానే ఆపేసి, తాళం తీసి, ఫ్యాన్‌ని చేత్తో ఒక్కసారి తిప్పు. గిరగిరా తిరుగుతూనే ఉంటే క్లచ్ పోయినట్టే.

జవాబు: ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు కూడా చూడండి. మా బండిలో అక్కడ మట్టి, పురుగులు, ఒక కోడి ఈక (ఎలా దూరిందో దేవుడికే తెలియాలి) అట్టకట్టి ఉన్నాయి. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మెల్లగా నీళ్లు కొట్టండి, ప్రెజర్ ఎక్కువైతే రేడియేటర్ సన్న రేకులు వంగిపోతాయి.

జవాబు: ఎక్కేటప్పుడు ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి (ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది), చిన్న గేర్‌లో పోనివ్వు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకు. కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయిందని అనుమానించాలి.

ప్రశ్న అడిగినవాడిని: బుడగలు లేవు. ఫ్యాన్ అయిదు చుట్లు తిరిగింది అన్నా! రేపే క్లచ్ మారుస్తా.