పులిహోరలో ‘హోర’ ఏంది?

ఒంగోలు, నెల్లూరు పక్క హోటల్ బోర్డుల మీద ‘పులిహార’, ‘పులిహోర’ రెండూ కనబడతాయి. ‘పులి’ అంటే పులుపని తెలుసు. మిగతా సగం ఆహారమా, హారమా? తెలిసినవాళ్లు చెప్పండి.

— రెండూ కాదన్నా, ఓగిరం. అంటే అన్నం. నిఘంటువుల్లో ఉంది గానీ వాడుకలో పోయింది. పులి + ఓగిరం, పులియోగిరం. కన్నడంలో ‘ఓగర’ చెక్కుచెదరలేదు, వాళ్లది పుళియోగరె. మన నోట్లో అరిగి హోర మిగిలింది. అర్థం తెలియని ముక్కకు తెలిసిన ‘ఆహారం’ తగిలిస్తే పులిహార అయింది. హోర అనే రాయాలి.

— తడ దాటితే పుళియోదరై అంటారు, అది చింతపండుతోనే. మరి గూడూరు నిమ్మకాయలు పిండి కలిపినదాన్ని కూడా మనం పులిహోరే అంటాం గదా, అదెట్ట?

— మంచి ప్రశ్న అక్కా. తమిళంలో పుళి అంటే పులుపూ, చింతపండూ కూడా. అందుకే నిమ్మకాయది వాళ్లకు ఎలుమిచ్చై సాదం. మన చింతకు వేరే పేరుంది కాబట్టి ‘పులి’ పులుపు దగ్గరే ఆగింది: పులుసు, పుల్లన, పులియబెట్టడం. నిమ్మ, మామిడి, దబ్బ, ఏది వేసినా పేరు చెల్లుద్ది. సీమలో నిమ్మకాయదాన్ని చిత్రాన్నం అంటారు, ఆ మాట సంస్కృతం.

— పేరు ఒకటే అయినా చేసే తీరు వేరు. కిలో పాత బియ్యానికి 150 గ్రాముల చింతపండు. అన్నం బిరుసుగా వండి, వెడల్పు పళ్లెంలో ఆరబోసి, వేడిగా ఉన్నప్పుడే పసుపు, నూనె పట్టించాలి. కొత్త బియ్యమైతే ముద్దయిపోద్ది. గుజ్జు చిక్కబడి నూనె పైకి తేలిందాకా ఉడకాలి. ముందే దించితే పచ్చివాసన, పైగా తొందరగా పాడవుద్ది. నిమ్మకాయకు దీనికి తిరకాసు: పోపు దించి, అన్నంలో కలిపాక చివర్లో రసం పిండాలి, కిలోకు 7, 8 కాయలు. పొయ్యి మీద పోస్తే చేదెక్కుద్ది. తొక్క గట్టిగా నలిపినా అంతే.

— గుళ్లో దీని పక్కన పెట్టే దద్దోజనంలో ఓగిరం లేదు, భోజనమూ కాదు. దధి + ఓదనం, దధ్యోదనం. పెరుగన్నమే.