1,700 డాలర్ల స్కూల్ స్కాలర్‌షిప్ క్రెడిట్: దానమా, పన్ను దారి మళ్లింపా?

జార్జియా_నాన్న:
ఇక్కడ అమెరికాలో 2025 జూలై 4న సంతకమైన పెద్ద బిల్లులో ఉన్న ఈ స్కాలర్‌షిప్ క్రెడిట్ ముక్క 2027 జనవరి 1 నుంచి మొదలు. పిల్లలకి స్కాలర్‌షిప్‌లు ఇచ్చే సంస్థకి మనం 1,700 డాలర్ల దాకా ఇస్తే ఫెడరల్ ట్యాక్స్‌లో అంతకంత తగ్గుద్ది. ఇండియాలో దానాలకిచ్చే 80జీ మినహాయింపు లాంటిది కాదు, అక్కడ 50 శాతం కేటగిరీలో పదివేలు ఇస్తే 5 వేలు ఆదాయంలోంచి తీసేస్తారు, 30 శాతం శ్లాబులో ఉన్నోళ్లకి మిగిలేది 1,500 పైచిలుకు. ఇక్కడేమో ఇచ్చిందంతా వెనక్కొచ్చేస్తుంది. నా జేబులోంచి పైసా పోనప్పుడు దాన్ని దానం అని ఎట్లా అంటాం? నేనైతే ఇవ్వకూడదనే అనుకుంటున్నా. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి, వింటా.

ఫీనిక్స్_అమ్మ:
మా అరిజోనాలో ఇలాంటిది 1997 నుంచే ఉందండి. దాని మీద కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2011లో 5-4తో ఏమన్నారంటే, ఆ డబ్బు ఖజానాకి చేరనేలేదు, అది ఇచ్చినవాళ్ల సొంత డబ్బు, కాబట్టి పన్ను కడుతున్నామన్న కారణంతో కేసు వెయ్యడానికి లేదని. ఇంకో మాట, కొంచెం గట్టిగానే అడుగుతున్నా, ఏమనుకోకండి. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేదేంటి? తూర్పు ఫేసింగా కాదా అని కూడా తర్వాతే, ముందు స్కూల్ జోన్, రేటింగ్. ఆ జోన్ కోసం లక్ష డాలర్లు ఎక్కువైనా పెట్టి కొంటాం. అంటే మన పిల్లలకి స్కూలు మనం ఎంచుకున్నట్టే కదా, డబ్బుతో. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండి రెండు ఉద్యోగాలు చేసే తల్లికి ఆ వీలెక్కడిది? ఆమెకి స్కాలర్‌షిప్ వస్తే వద్దనడానికి మనమెవరం?

జార్జియా_నాన్న:
ఇల్లు గురించి మీరన్నది నాకు తగిలింది అక్కా, నేనూ అలాగే కొన్నా, దానికి జవాబు లేదు. కానీ అదే 2011 తీర్పులో జస్టిస్ కేగన్ రాసిన అసమ్మతి చూడండి, చేతికి డబ్బిచ్చినా పన్ను మాఫీ చేసినా ఖజానాకి పడే బొక్క ఒకటేగా అన్నది వాళ్ల వాదన, నాకు అదే కరెక్ట్ అనిపిస్తుంది. పైగా ఆ తల్లి స్కూలుని ఎంచుకోవడం సగమే, ప్రైవేట్ స్కూలు ఆ పిల్లాణ్ణి ఎంచుకోవాలి కదా. పబ్లిక్ స్కూల్ తన జోన్‌లో పిల్లాణ్ణి వద్దనలేదు. ఇంకోటి, ఈ స్కాలర్‌షిప్‌కి ఆదాయ పరిమితి ఆ ఏరియా మీడియన్ (సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబం) ఆదాయానికి 300 శాతం. అంటే మీరు చెప్పిన తల్లికే కాదు, నాలాంటోడికి కూడా రావచ్చు. అది నాకు మింగుడు పడట్లేదు.

ఐఈపీ_అమ్మ:
నేను మామూలుగా చదివి వెళ్లిపోతా, ఇవాళ రాయకుండా ఉండలేకపోయా. మా బాబుకి ఆటిజం. రెండేళ్ల కింద పబ్లిక్ స్కూల్లో ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి స్కూలు రాసిచ్చే చదువు ప్లాన్) మీటింగుల్లో విసిగిపోయి, అప్పు చేసి ఒక ప్రైవేట్ స్కూల్లో వేశాం, రెండో నెలలోనే పిలిచి మా దగ్గర అంత స్టాఫ్ లేరు తీసుకెళ్లండి అన్నారు, అప్పటికి కట్టిన ఫీజులో సగం కూడా వెనక్కివ్వలేదు. అక్కడ చేరాక ఐఈపీ హక్కులు పబ్లిక్‌లో ఉన్నట్టు ఉండవని కూడా అప్పుడే తెలిసింది. మళ్లీ పబ్లిక్‌కే వచ్చాం, ఇప్పుడున్న టీచరమ్మ దేవత. కానీ అందరూ ప్రైవేట్ ఫీజు గురించే మాట్లాడుతున్నారు, ఈ చట్టంలో ఒప్పుకునే ఖర్చుల్లో ట్యూటరింగ్, మాలాంటి పిల్లలకి కావాల్సిన స్పెషల్ సర్వీసులు కూడా ఉన్నాయి, పబ్లిక్ స్కూల్లో చదివే పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. సాయంత్రం స్పీచ్ థెరపీకి ఎంతవుతుందో ఆ బిల్లు కట్టేవాళ్లకే తెలుసు. జార్జియా_నాన్న గారో మరొకరో ఇచ్చే 1,700 అలాంటి బిడ్డకి చేరితే అది దానమా కాదా అని నేను అడగను.

ట్యాక్స్_టేబుల్:
లెక్కలు చూసేవాడిగా కొన్ని చెప్తా. మీ డబ్బు ఫలానా పిల్లాడికే అని రాసివ్వడం కుదరదు. సంస్థ కనీసం పది మందికి ఇవ్వాలి, వాళ్లంతా ఒకే స్కూలు పిల్లలై ఉండకూడదు, వచ్చిన దాంట్లో 90 శాతం స్కాలర్‌షిప్‌లకే ఖర్చు పెట్టాలి. జార్జియా వాళ్లు జాగ్రత్త, మీ రాష్ట్రంలో ఎప్పట్నుంచో వేరే క్రెడిట్ ఉంది, అదే డొనేషన్‌కి స్టేట్‌లో ఎంత తీసుకుంటే ఫెడరల్‌లో అంత తగ్గిస్తారు. రెండు చోట్లా తీసుకుందాం అనుకోకండి. ముందు ప్రతినిధుల సభ (హౌస్) పాస్ చేసిన బిల్లులో దేశం మొత్తం క్రెడిట్లకి ఏడాదికి 5 బిలియన్ డాలర్ల పరిమితి ఉండేది, చివరి చట్టంలో అది లేదు, నాకు భయం అక్కడే.

న్యూజెర్సీ_బాబాయ్:
ఈ పథకంలో చేరాలా వద్దా అన్నది ఒక్కో రాష్ట్రం ఇష్టం. ఒక రాష్ట్రం చేరకపోతే అక్కడి పిల్లలకి స్కాలర్‌షిప్ రాదు, కానీ అక్కడివాళ్లు చేరిన రాష్ట్రంలో సంస్థకి ఇచ్చి క్రెడిట్ తీసుకోవచ్చు. అంటే గవర్నర్ వద్దన్నా మన డబ్బు పక్క రాష్ట్రానికి పోతుంది. ఇది రాష్ట్రాల మెడ మీద కత్తి పెట్టడం కాదా?

జార్జియా_నాన్న:
బాబాయ్ చెప్పింది కరెక్టే, పద్ధతి మీద నా కోపం తగ్గలేదు, మా రిప్రజెంటేటివ్‌కి పరిమితి పెట్టమని ఉత్తరం రాస్తా. కానీ ఐఈపీ అమ్మ గారి పోస్ట్ రాత్రి మా ఆవిడకి చదివి వినిపించా. ఎలాగూ ట్యాక్స్ కింద పోయే 1,700ని థెరపీ బిల్లు వైపు పంపొచ్చు అంటే వద్దు అనడానికి నాకు నోరు రావట్లేదు. ఏ సంస్థకైనా ఇచ్చేముందు రెండే అడుగుతా: పబ్లిక్ స్కూల్ పిల్లల స్పెషల్ సర్వీసులకి ఇస్తారా, ఇప్పటికే ప్రైవేట్‌లో ఉన్న పిల్లలకి ఎంత పోతుంది. రాతపూర్వకంగా చెప్పకపోతే ఇవ్వను. అమ్మా, మీకు అలాంటి సంస్థ ఏదైనా కనపడితే ఇక్కడ పెట్టండి, ట్యాక్స్_టేబుల్ గారు కాగితాలు చూస్తారేమో.

ట్యాక్స్_టేబుల్:
చూస్తానండి, ఫీజేం వద్దు.