‘ఎవ్రీడే మిరకిల్స్’ని తెలుగులో ఏమందాం?

తెరచాప:
ఎల్‌డీఎస్ (లేటర్ డే సెయింట్స్, అంటే మోర్మన్) సంఘానికి చెందిన సీనియర్ మిషనరీ దంపతుల ప్రసంగం ఒకటి తెలుగు సభ కోసం అనువదించాలి. శీర్షిక ‘ఫైండింగ్ ఫెయిత్ అండ్ ఎవ్రీడే మిరకిల్స్’. ముసాయిదాలో ‘సీనియర్ మిషనరీలు విశ్వాసాన్ని కనుగొనడం, రోజువారీ అద్భుతాలు’ అని ఉంది. చదువుతుంటే పంటి కింద రాయి తగులుతోంది. ఎక్కడ చెడిందంటారు?

గోదారిగట్టు:
మొట్టమొదట ‘రోజువారీ’ దగ్గర. ఆ మాట వినగానే కూలీ, వడ్డీ, ఖాతా పుస్తకం గుర్తొస్తాయి. పోనీ ‘నిత్యాద్భుతాలు’ అందామా అంటే అది ఇంకో తిప్పలు. నిత్యావసరాల్లో ‘నిత్య’ అంటే రోజూ అని, నిత్యజీవంలో ‘నిత్య’ అంటే ఎన్నటికీ అని. చర్చిలో కూర్చున్నవాళ్లకి రెండోదే చెవికెక్కుతుంది. వాళ్లకి బాగా అలవాటైన మాట ‘అనుదిన’. పరలోక ప్రార్థనలో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని చాలా చర్చిల్లో చెబుతూనే ఉంటారు కదా. విలాపవాక్యములు మూడో అధ్యాయంలోనూ ‘అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది’ అని ఉంది.

పాతకలం:
‘అద్భుతం’ సంగతి కూడా తేల్చుకోవాలి. కొత్త నిబంధన గ్రీకులో దీనికి మూడు మాటలున్నాయి. మన పాత తెలుగు బైబిలు అనువాదం చాలాచోట్ల మూడింటికీ మూడు వేర్వేరు తెలుగు మాటలు వాడింది. శక్తిని చెప్పే ‘డునామిస్’కి అద్భుతము, జనం నివ్వెరపోయే ‘తెరాస్’కి మహత్కార్యము, గుర్తు అనే అర్థమున్న ‘సేమెయోన్’కి సూచకక్రియ. అపొస్తలుల కార్యములు 2:22లో మూడూ వరసగా వస్తాయి: ‘అద్భుతములను మహత్కార్యములను సూచకక్రియలను’. హెబ్రీ 2:4లో గ్రీకు వరస తిరగబడితే తెలుగు వరసా తిరగబడింది. ఆ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. కానాలో నీళ్లు ద్రాక్షారసమైన సంగతిని యోహాను ‘సూచకక్రియ’ అనే అన్నాడు, అద్భుతం అనలేదు.

ఇక మీ ప్రసంగంలో ఉన్నవేమిటి? దారి తప్పినప్పుడు సరిగ్గా తెలిసినవాడే ఎదురుపడటం, మందు అయిపోయిన రోజునే ఎవరో తెచ్చివ్వడం లాంటివి అయ్యుంటాయి. వీటిలో జనం నివ్వెరపోయేదేమీ లేదు. ‘అద్భుతాలు’ అని పైన రాస్తే సభ కుంటివాడు లేచి నడిచిన కథ కోసం చూస్తుంది. నిజానికి ఆ సంఘంలోనే ఇలాంటి చిన్న మేళ్లకు వేరే మాట ఉంది, ‘టెండర్ మెర్సీస్’. అది కీర్తనల ఇంగ్లీషు. తెలుగులో ఆ చోటే, 145:9లో, ‘ఆయన కనికరములు ఆయన సమస్త కార్యములమీద నున్నవి’ అని ఉంది. నన్నడిగితే ‘అనుదిన కనికరాలు’ అంటాను.

గోదారిగట్టు:
కనికరాలు బాగుంది, కానీ నోటి వాడుకలో అలా అనేవాళ్లు తక్కువ. సాక్ష్యం చెప్పేటప్పుడు ఎక్కువగా వినబడేది ‘దేవుడు గొప్ప కార్యం చేశాడండీ’. చిన్న మేలుకైనా పెద్ద స్వస్థతకైనా అదే. మా వైపు చర్చి బయట ‘కార్యం’ అంటే ముందు శోభనమే గుర్తొస్తుంది, అది వేరే విషయం. ‘మహిమలు’ మాత్రం రాయకండి. ఏకవచనంలో అది దేవుని మహిమ. బహువచనం చేశారా, గాల్లోంచి విభూతి తీసే మహిమలైపోతాయి.

అల్పప్రాణం:
‘విశ్వాసాన్ని కనుగొనడం’ ఇంకా పెద్ద తప్పు. తెలుగులో కనుక్కునేది పోయిన వస్తువునో, కొత్త మందునో. విశ్వాసం ‘కలుగుతుంది’. రోమా 10:17 చూడండి, ‘వినుట వలన విశ్వాసము కలుగును’. అది పెరుగుతుంది, బలపడుతుంది, సన్నగిల్లుతుంది. క్రియగా కావాలంటే ‘నమ్ము’ ఉండనే ఉంది. మార్కు 9:24లో ఆ తండ్రి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అంటాడు. అక్కడ ‘విశ్వసించుచున్నాను’ అని పెట్టి చూడండి, ఏడుపు కాస్తా ఉపన్యాసమవుతుంది. ‘విశ్వాసం’ ఒక్కటే అయితే బయటివాళ్లకి కుక్కా, శాసనసభలో అవిశ్వాస తీర్మానమూ గుర్తొస్తాయి.

తెరచాప:
ప్రసంగంలో హెబ్రీ 11:1 ఉంది. దాన్ని పాత అనువాదం నుంచే తీసుకోవచ్చా?

పాతకలం:
క్రైస్తవ సభ అయితే తప్పకుండా. సగం మందికి కంఠతా వచ్చి ఉంటుంది, మారిస్తే తడబడతారు. ‘విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది.’ బయటివాళ్లు కూడా ఉంటే రెండు మాటలు విప్పి చెప్పాలి. ‘నిరీక్షణ’ అంటే వాళ్లకి ఎదురుచూడటం, బైబిలు తెలుగులో మాత్రం ఆశ. ‘నిజస్వరూపం’ మరీ చిక్కు. పత్రికల్లో ఎవరి నిజస్వరూపమైనా ‘బయటపడింది’ అంటే వాడి గుట్టు రట్టయిందని. ‘రుజువు’ కోర్టు కచేరీల మాట, అరబ్బీ నుంచి వచ్చింది. వాక్యం బరువంతా దాని మీదే నిలబడింది కాబట్టి దాన్ని కదపొద్దు.

అల్పప్రాణం:
‘సీనియర్ మిషనరీ’ గురించి ఎవరూ అనలేదు. తెలుగులో సీనియర్ అంటే హోదా: సీనియర్ గుమాస్తా, సీనియర్ లాయరు. ఇక్కడ అది వయసు మాటే. ‘వృద్ధ మిషనరీ’ అంటే పింఛను కాగితం వాసన కొడుతుంది. భార్యాభర్తలు వస్తే ‘మిషనరీ దంపతులు’ చాలు. ఒంటరిగా వచ్చే పెద్దావిడలూ ఉంటారు, అప్పుడు ‘సీనియర్ మిషనరీ’ అనే ఉంచేయండి. దంపతుల్లో భర్త పేరు ముందు ‘ఎల్డర్’ ఉంటే ‘పెద్ద’ అని మార్చొద్దు. ఆ సంఘంలో 18 ఏళ్ల కుర్ర మిషనరీ కూడా ఎల్డరే. మన మిగతా చర్చిల్లో సంఘ పెద్దలంటే జుట్టు నెరిసినవాళ్లు.

గోదారిగట్టు:
పక్కన నిలబడి వాక్యం వాక్యం చెప్పేవాళ్లు పడే గొయ్యి ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో ‘వి’ ఒక్కటే, మనకి మేము, మనం రెండూ. ‘వి ప్రేయ్డ్’ అంటే ‘మేము ప్రార్థించాం’. అక్కడ ‘మనం’ అంటే సభ అంతా ఆ రోజు ఆ గదిలో ఉన్నట్టే. అదే ‘గాడ్ లవ్స్ అజ్’ అంటే ‘మనల్ని’ అనాలి. ‘మమ్మల్ని’ అన్నారంటే ఆ దంపతులిద్దర్నే ప్రేమిస్తాడన్నమాట, కింద కూర్చున్నవాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు. ఇంకోటి, ‘అద్భుతం జరిగింది’ అంటే చేసినవాడు ఎగిరిపోతాడు. ‘దేవుడు జరిగించాడు’ అంటేనే అది సాక్ష్యం.

తెరచాప:
అయితే ‘విశ్వాసం బలపడిన వేళ: అనుదిన జీవితంలో దేవుని కార్యాలు’ అని పెడతాను. లోపల చిన్న మేళ్లు వచ్చినచోట కనికరాలు, బైబిలు సంఘటనల దగ్గర అద్భుతాలు. సరేనా?

అల్పప్రాణం:
సరే. బ్యానరు అచ్చుకి వెళ్లేముందు ఒక్కసారి చూసుకోండి, ఫ్లెక్సీ షాపుల్లో సగం మంది ‘అధ్భుతం’ అని కొడతారు. ద కింద భ వత్తు, పైన ద అడుగున ‘ధ’లో ఉండే గీత వద్దు.