అప్‌డేట్: పండగ బరువు, నా కేకులు

సంక్రాంతి తర్వాత జాకెట్లు బిగుతయ్యాయి, ఇంట్లో కేకులు చేయడం మానేయాలా అని అడిగాను కదా. మానలేదు. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలిచి కూడా బరువు పెరుగుతుందని మీరు చెప్పాక టెన్షన్ తగ్గింది. జంతికల డబ్బా ఖాళీ అయ్యాక కొంత దిగింది కూడా. మిగిలింది ఉండనీ, జాకెట్లకు కుట్లు విప్పించి వదులు చేయించుకున్నాను.

ఇప్పుడు గోధుమపిండి, బెల్లంతో చేస్తున్నా. బెల్లంలోనూ కేలరీలు దాదాపు పంచదార అంతే, రుచి కోసమే మార్చాను. గోధుమపిండి తడి బాగా పీలుస్తుంది, పాలు ఇంకాస్త పోయాలి. గ్యాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కర్లో ఉప్పు పరిచి సన్నసెగ మీద పెడితే బెల్లం, యాలకుల వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది.

"లావయ్యావే" అన్న పిన్నికి మాత్రం, "మా అమ్మాయి ముందు ఒంటి గురించి మాట్లాడకు పిన్నీ" అని గట్టిగానే చెప్పాను.