చేతికి తెలిసిన ఆకారాన్ని కన్ను గుర్తుపడుతుందా?

ప్రశ్న – తత్త్వశాస్త్ర విద్యార్థి

పుట్టుకతో చూపు లేని వ్యక్తి గోళాన్నీ ఘనాన్నీ తడిమి తేడా చెప్పగలడు. అతనికి చూపు వస్తే, ముట్టుకోకుండానే ఏది గోళమో, ఏది ఘనమో చెప్పగలడా? ఐర్లండుకు చెందిన విలియం మోలినో 1688లో ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్‌కు రాసిన లేఖలో ఈ ప్రశ్న లేవనెత్తాడు. చెప్పలేడని లాక్ భావించాడు. ఆ రెండు వస్తువులే ఎదుట ఉన్నాయని ముందే తెలిస్తే బుద్ధితో ఆలోచించి చెప్పగలడని జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ వాదించాడు. దీనిని ప్రయోగపూర్వకంగా పరీక్షించినవారు ఉన్నారా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు – నేత్రవైద్య విద్యార్థిని

పరీక్షించారండి, అదీ మన దేశంలోనే. పుట్టుకతో అంధత్వం వచ్చి, నయం కాగల స్థితిలో ఉండి కూడా చికిత్స అందని పిల్లల కోసం అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పవన్ సిన్హా ప్రారంభించిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో భాగంగా, 8 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న ఐదుగురికి శస్త్రచికిత్స తర్వాత వీలైనంత త్వరగా ఈ పరీక్ష పెట్టి, ఫలితాలను 2011లో ప్రచురించారు. బొమ్మ ఇటుకల వంటి ముక్కను ముందు ఒకటి ఇచ్చి, తర్వాత రెండింటిలో దానిని గుర్తించమన్నారు. తడిమినదానిని తడిమి గుర్తించడంలో 98 శాతం, చూసినదానిని చూసి గుర్తించడంలో 92 శాతం సరైన జవాబులు వచ్చాయి. తడిమినదానిని చూసి గుర్తించడంలో మాత్రం 58 శాతమే వచ్చాయి. ఊరికే ఊహించి చెప్పినా 50 శాతం రావలసిన పరీక్ష అది.

జవాబు – సందేహి

అంతకాలం చీకటిలో ఉన్న కంటికి కొత్తగా వచ్చిన చూపు మసకగానే ఉంటుంది కదా? లండన్ వైద్యుడు చెసెల్డెన్ 1728లో వర్ణించిన బాలుడు కూడా శుక్లాలు తీసిన తర్వాత పిల్లి ఏదో, కుక్క ఏదో చూసి చెప్పలేక, పిల్లిని పట్టుకుని తడిమి గుర్తుపెట్టుకోవలసి వచ్చింది. లోపం కంటిదా, మనసుదా అన్నది దీనివల్ల తేలదని నా అభిప్రాయం.

జవాబు – నేత్రవైద్య విద్యార్థిని

చెసెల్డెన్ ఉదంతం విషయంలో మీ అభ్యంతరం సరైనదే. ఇక్కడ మాత్రం ఆ 92 శాతమే దానికి సమాధానం: పిల్లలు ముక్కల మధ్య తేడాను చూడగలిగారు, చేతికి తెలిసిన ఆకారం, కంటికి కనిపిస్తున్న ఆకారం ఒకటేనని మాత్రం పోల్చుకోలేకపోయారు. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచినది ఆ తర్వాతి సంగతి. ప్రత్యేక శిక్షణ ఏదీ లేకుండానే, మళ్లీ పరీక్షించగలిగిన పిల్లల్లో ఈ సామర్థ్యం కొద్ది రోజుల్లోనే గణనీయంగా పెరిగింది. ఏళ్ల తరబడి అలవాటు చేసుకుంటే తప్ప రాని విద్య అయితే ఇంత త్వరగా వచ్చేది కాదు. ఇదే కార్యక్రమంలోని మరో పరిశీలనలో, నిశ్చలంగా ఉన్న బొమ్మ విడివిడి ముక్కలుగా తోచినవారికి, అది కదలగానే ఒకే వస్తువుగా తెలిసింది. చూపు నేర్చుకోవడంలో కదలికకు పెద్ద పాత్రే ఉందన్నమాట.

ప్రశ్నించినవారు

కృతజ్ఞతలు. లైబ్నిజ్ వాదం మాత్రం పూర్తిగా వీగిపోలేదనిపిస్తోంది. అతడు కోరినది తీరికగా ఆలోచించి చెప్పే జవాబు. ఇక్కడ పరీక్షించినది చూడగానే గుర్తుపట్టే శక్తిని.